అత్తగారి మెడ, అల్లుడి కొట్టు

చిరంజీవి అల్లుడు గారికి అత్తయ్య దీవెనలు.

ఫోను చేస్తే అమ్మాయి ఎత్తుతుంది కనుక మీ కొట్టు అడ్రసుకి రాస్తున్నాను. చదివి చింపెయ్యండి.

చర్మం బిగుతయ్యే మిషన్లు మీరు అమ్ముతారు గదా, నాకు ఏది పనికొస్తుంది? నవ్వకండి. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని, వదులైన గౌనుకి పక్కలు పట్టించడం వచ్చు. సొంత మెడకి ఎక్కడ పట్టించాలో తెలియడం లేదు. టేపు పెట్టి చూస్తే పద్నాలుగుంబావు. జబ్బల కింద సంగతి ఉత్తరంలో రాసేది కాదు. సెలవులకి మీరంతా వచ్చేలోగా, అంటే ఎనిమిది వారాల్లో, ఏదో ఒకటి తేలాలి.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: అమ్మాయికి చెబితే మీ పెళ్ళికి కుట్టిన కోటు వెనక్కి అడుగుతాను.

*

అత్తయ్య గారికి అల్లుడి నమస్కారాలు.

మా దగ్గర మూడు రకాలున్నాయి. సన్నగా కరెంటు పెట్టే రోలరుతో మొహం ఎత్తినట్టు కనబడుతుంది గానీ సాయంత్రానికి దిగిపోతుంది. చర్మం లోపలికి వేడి పంపేది ఒకటుంది, చెయ్యి తిరగనివాళ్ళు వాడితే కాలుతుంది, అది మీకివ్వను. ఎర్ర లైటు మాస్కు నిదానం, అపాయం తక్కువ. వారానికి అయిదుసార్లు, పది నిమిషాల చొప్పున, దాంతో వచ్చే నల్లద్దాలు కళ్ళకి పెట్టుకుని. రెండు మూడు నెలలకి సన్న గీతలు కాస్త తగ్గొచ్చు. వేలాడే చర్మాన్ని మాత్రం ఏదీ పైకెత్తదు, ఈ మాట మా యజమాని అటు తిరిగినప్పుడు రాస్తున్నాను. కిటికీ పక్కన కుట్టేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోండి, అన్నిటికంటే అదే మేలు. మాస్కు పంపుతున్నాను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: మేం వచ్చేలోగానే ఎందుకు తేలాలని నేను అడగను. అడగాలని మాత్రం చాలా ఉంది.

*

అల్లుడు గారికి దీవెనలు.

మాస్కు అందింది. మొదటిరోజే కిటికీలో ఎర్రటి వెలుగు చూసి, కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన నీళ్ళ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. ఇల్లు అంటుకుందనుకున్నాడట, పాపం. అప్పట్నుంచి రోజూ ఆ వేళకి వచ్చి, కంటికి భూతద్దం బిగించుకుని మిషన్ పుస్తకం చదివి పెడుతున్నాడు, టైము చూస్తున్నాడు. మంచి మనిషి. పది నిమిషాలంటే పదే.

మూడు వారాలైంది. మొన్న మెడ పద్నాలుగే వచ్చిందని సంబరపడ్డాను. ఊపిరి బిగబట్టి కొలిచానని తర్వాత తెలిసింది.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: మాస్కుని జబ్బకి కట్టి చూశాను. మోచేతికి ముక్కు మొలిచినట్టుంది.

*

అత్తయ్య గారికి నమస్కారాలు.

అర్థమైంది. మీరు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మామయ్య గారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ వయసులో ఒక తోడు కావాలనుకోవడం తప్పు కానే కాదు. రోజూ టైముకి వచ్చే మనిషి దొరకడం అదృష్టం.

క్షమించాలి, మీ అమ్మాయికి చెప్పేశాను. ముందు బాగా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయనకి షుగరుందా అని అడిగింది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: నేను ఆయన్ని మామయ్యా అనాలా, సార్ అనాలా?

*

అల్లుడూ! (ఈ ఉత్తరానికి ‘గారు’ లేదు.)

ఎక్కడి పెళ్ళయ్యా, ఎవరికి పెళ్ళి? ఆయనకి లక్షణంగా భార్య ఉంది. ఆ బకెట్టు నింపి ఇచ్చింది ఆవిడే! ఆలూ లేదు చూలూ లేదు, మామయ్యా అనాలా సార్ అనాలా అట!

సరే, అసలు సంగతి వినండి. పోయినసారి మీరొచ్చినప్పుడు పాప నా ఒళ్ళో కూర్చుని, జబ్బ కింద చర్మం పట్టుకుని అటూ ఇటూ ఊపింది. తర్వాత వాళ్ళమ్మ చెయ్యి పట్టి చూసి, “అమ్మకి లేదు, అమ్మమ్మకే ఉంది” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకునే ఉంది. నాలుగేళ్ళ పిల్ల కంటికి కూడా నేను ముసలిదాన్నయిపోయాను. రేపు నన్ను చూసి జంకి, నా ఒళ్ళోకి రానంటే నేనేం కాను బాబూ? నాకు భయంగా ఉంది.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఆ వేడి మిషన్ పంపండి. కాలితే కాలింది.

*

అత్తయ్యా,

వేడి మిషన్ పంపను. పదకొండేళ్ళుగా ఈ కౌంటరులో ఉన్నాను, కొంటానన్న మనిషిని వద్దనడం ఇదే మొదలు.

మీ ఇంటినుంచి వచ్చినప్పట్నుంచీ పాప పడుకునే ముందు అందరి జబ్బలూ తడుముతోంది. నాది పట్టుకుని “ఎముక” అంది. వాళ్ళమ్మది “గట్టి” అంది. పై వాటా టీచరమ్మని కూడా వదల్లేదు. ఎందుకో మాకు అంతుపట్టలేదు. మీ ఉత్తరం చదివాక, “ఏం వెతుకుతున్నావమ్మా?” అని అడిగాను.

“అమ్మమ్మది మెత్తగా ఉంటుంది నాన్నా. అది పట్టుకుంటే నిద్రొచ్చేస్తుంది. మనింట్లో ఎవరికీ లేదు,” అని బావురుమంది. దాన్ని చూసి మీ అమ్మాయి, ఇద్దర్నీ చూసి నేను.

సెలవులకి ఇంకా మూడు వారాలుంది. అంతదాకా ఆగలేం, ఆదివారమే వస్తున్నాం. మెడ మీ ఇష్టం. జబ్బల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి పాపవి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: ఇవాళ పాపని కొట్టుకి తీసుకొచ్చాను. స్టూలెక్కి డబ్బాలన్నీ చూసి, నన్ను కాదని మా యజమానినే అడిగింది: “వదులు చేసే మిషన్ లేదా? మా అమ్మకి కావాలి.”