ఖాళీ డబ్బాకి శ్రుతి

అక్కా,

బావ పోయాక నా దగ్గరికి రమ్మంటే, "ఒంటికాయ శొంఠికొమ్ములా హాయిగా ఉన్నావు, నేనొచ్చి చెడగొట్టడం ఎందుకురా" అని రాశావు. జవాబు మా ల్యాబులో దొరికింది, విను.

అణువుకన్నా చిన్న కణాల గుంపుల్ని పరుగెత్తించే రాగి డబ్బా ఒకటుంది. అందులో రేడియో తరంగాలు మోగుతాయి. తీగ బిగించినట్టు దాన్ని శ్రుతి చేయాలి. నేను కచ్చితంగా చేశాను. గుంపు పల్చగా ఉన్నంతసేపూ బాగానే ఉంది, చిక్కబడగానే శ్రుతి చెడి కణాలన్నీ గోడపాలయ్యాయి.

మా ల్యాబు పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఖాళీ డబ్బాకి శ్రుతి చేస్తే ఎలాగయ్యా? వచ్చేవాళ్లు కూడా శ్రుతిని తమవైపు లాగుతారు కదా!"

ఇప్పుడు శ్రుతిని ముందే కాస్త తప్పుగా పెడుతున్నాం. గుంపు రాగానే అదే సరిపోతోంది. ఎంత వింతో చూడు!

అందుకే ఇంట్లో అద్దం నీ ఎత్తుకి దించాను. త్వరగా రా, వంగి గడ్డం గీసుకోలేక నడుం పట్టేస్తోంది.

నీ తమ్ముడు