విడిగా పెట్టిన గ్లాసు

అత్తయ్యా,

ఇంటికి తిరిగి వచ్చేయమని మీరు మా అక్క వాళ్ళింటికి చేసిన ఫోన్ అక్కే ఎత్తింది. నేను పక్కనే ఉండి కూడా మాట్లాడలేదు. మీ ముందు నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

మీ అబ్బాయికి హెచ్ఐవీ అని తెలిసిన రోజే ఆయన గ్లాసు, కంచం విడిగా పెట్టేశారు. టవల్ కర్రతో ఎత్తారు. నేను వంటింట్లో చాప వేసుకుంటే మాత్రం, మొగుణ్ణి దూరం పెడతావా అని నలుగురిలో కడిగేశారు. వీధి తలుపుకి తాళం వేసి, పెరటి తలుపు బార్లా తెరిచినట్టుంది ఇది. గ్లాసుతో అంటదు అత్తయ్యా. కండోమ్ లేకుండా కలిస్తే అంటుంది. ఆయనేమో పెళ్ళాం దగ్గర అదెందుకంటారు. మాత్రలు బుద్ధి పుడితే వేసుకుంటారు. నా పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అలాగే ఉండాలని ఉంది నాకు.

రోజూ మందు మానకుండా వేసుకుని, పరీక్షలో వైరస్ కనపడనంతగా అణిగితే నాకు అంటదని, పిల్లల్ని కూడా కనొచ్చని నాకు పరీక్ష చేసిన డాక్టరమ్మ చెప్పింది. సోమవారం ఆయన్ని ఆసుపత్రికి తీసుకురండి. మీ మాటైతేనే వింటారు. మాత్రలకీ కండోమ్‌కీ ఆమె ముందు ఒప్పుకుంటే అట్నుంచటే ఇంటికొస్తాను.

వచ్చాక విడిగా పెట్టిన ఆ గ్లాసులోనే నాకు టీ పోయండి. మీ కళ్ళెదుటే తాగుతాను. వైరస్ అణిగిందని డాక్టరమ్మ చెప్పేదాకా వంటింట్లో నా చాప మాత్రం తీయకండి.

మీ కోడలు