హాల్డెన్ గుర్రానికి ఉలవలు

మహబూలా,
బుధవారం.

చి. జ్యోతిలక్ష్మికి,

ప్రష్యా అశ్వికదళాధికారి హాల్డెన్ మీద నువ్వు రాసిన వ్యాసం విని తరగతంతా నవ్విందట. "తాతయ్య నాకు అబద్ధాలు చెప్పాడా, అమ్మమ్మా?" అని అడిగావు. ఆయన లేరు కనుక జవాబు నేనే చెప్పాలి. అది ఫోన్‌లో చెప్పేది కాదు.

ముందు నిజం. హాల్డెన్ పదిహేడో ఏట దళంలో చేరి, మూడు యుద్ధాలు చేశాడు. చివరిదానిలో మోకాలికి తూటా తగిలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కుర్రాళ్లకు స్వారీ నేర్పి, ముసలితనంలో మంచం మీద పోయాడు. పరీక్షలో ఇదే రాయి.

హాల్డెన్ జీవితకథ ఉన్న పుస్తకాన్ని సాయంత్రాలు తాతయ్యకు చదివి వినిపించింది నేనే. అప్పుడాయన తనకు వీసా ఇచ్చిన కఫీల్ గారి గుర్రపుశాలలో పనిచేసి, ఒంటినిండా గడ్డి వాసనతో వచ్చేవారు. నీకు చెప్పేటప్పుడు మాత్రం ఆ హాల్డెన్ మంచులో తన కోటు గుర్రానికి కప్పి, దోసిట్లో ఉలవలు పెట్టేవాడు.

"ప్రష్యాలో ఉలవలెక్కడివండీ?" అని నేను ఆపేదాన్ని.

"గుర్రవన్నాక ఉలవలు తినదేంటే? నువ్వూరుకో, పాపం ఆకలి మీదుంది," అనేవారు.

అందులో అబద్ధం లేదు జ్యోతీ, మనిషి పేరే తప్పు. ఇక్కడి ఎడారి జనవరి చలిలో తన కోటు ఒక ముసలి గుర్రానికి కప్పి, వణుకుతూ ఇంటికొచ్చింది మీ తాతయ్యే. చారుకని నేను ఊరి నుంచి తెప్పించుకున్న ఉలవలు డబ్బాలో ఎందుకు తరిగిపోయేవో నాకు తెలుసు.

ఈ శుక్రవారం రా. తాతయ్య చెప్పినట్టే ఆ కథ నాకు చెప్పు. ఉలవల దగ్గర నేను ఆపను.

మీ అమ్మమ్మ