శివన్న నేసిన మూడు మూరలు

గద్వాల,
జూలై 14.

చిరంజీవి భార్గవికి చిన్నాయన దీవెనలు.

ఇక్కడ నేను, మీ చిన్నమ్మ రాధ తిని తిరుగుతున్నాం. అచ్చంపేటలో నువ్వు, నీ బడి బాగున్నందుకు సంతోషం. ఫోన్లో నాకు సరిగా వినబడదని నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది. నేను చెప్పవలసింది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

కళ్ల సంగతి అడిగావు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోదానికి దసరా తర్వాత రమ్మన్నారు. మగ్గంలో కూర్చోవడం మానేశాను.

నిరుడు కార్గిల్ దినం నాడు ఇక్కడి బడిలో ఏం జరిగిందని అడిగావు. మీ నాన్న పటానికి దండ వేసి నన్ను మాట్లాడమన్నారు. ఒక పిల్ల లేచి, "తాతా, మీ అన్న శివన్న ఎంతమందిని కాల్చిండు?" అంది. "తెల్వదు బిడ్డా" అన్నాను. "మరి నీకేం తెలుసు?" అంది. అందరూ నవ్వారు. సారు చాక్లెట్లు పంచాడు. ఈ ఏడు నన్ను పిలవలేదు.

నీ బడిలో అట్లా కాకూడదని, మీ నాన్న చివరి సెలవులో నేసిన బట్టను పిల్లలకు చూపిస్తానన్నావు. ట్రంకులోంచి తీసి ఈ ఉత్తరంతో పాటే పక్కింటి నాగేశ్ చేత పంపుతున్నాను. కానీ భార్గవీ, ఆ బట్ట మీ నాన్న నేసింది కాదు.

అప్పుడు నీకు రెండేళ్లు. సెలవులో వచ్చిన అన్న ఊరికే ఉండలేక మగ్గంలో దిగాడు. అంచునూ నడుమునూ కలిపే మన నేతకు ఇద్దరుండాలి. కుడి పక్క అన్న, ఎడమ పక్క మీ అమ్మ. మూడు మూరలు నేశారో లేదో, వెంటనే రమ్మని పటాలం నుంచి తంతి వచ్చింది. "రేణుకా, నేనొచ్చేదాంక ఎవ్వర్నీ చెయ్యి పెట్టనీయకు. ఈ కురుమూర్తిగాన్ని అసలే పెట్టనీయకు, వాని నేత జల్లెడ" అని నన్ను వెక్కిరించి బస్సెక్కాడు. రెండు నెలలకు జెండా కప్పి తెచ్చారు.

మీ అమ్మ నిన్నెత్తుకుని వనపర్తి పుట్టింటికి పోయింది. ఆరు నెలలు మగ్గం అట్లాగే ఉంది. నూలూ పట్టూ సావుకారివి. ఆయన మనిషి వచ్చి, "ఎన్నొద్దులు గిట్ల పెడ్తవు? ఎలుకలు కొడితే ఎట్ల?" అన్నాడు. అన్న నేసినంత కోసుకుంటానన్నాను. "కోస్తే అది చీరెట్లయితది? ఏడ్సినట్టుంది నీ తెలివి!" అన్నాడు. నేనూ రాధా మిగతాది నేసి ఇచ్చేశాం. ఆ చీర ఎవరు కట్టుకున్నారో, ఎక్కడ చిరిగిందో తెలియదు.

తర్వాత మీ అమ్మ కబురు చేసింది. "ఆయన నేసినంత కోసి దాచుండ్రి, పిల్లకుండాలె" అని. నిజం చెప్పే ధైర్యం లేక అవే రంగుల్లో మూడు మూరలు నేసి ట్రంకులో పెట్టాను. ఏటేటా ఆమె ఇక్కడికి వచ్చి దానికి బొట్టు పెట్టి నీ చేత మొక్కించేది. నేను గడప అవతల నిలబడేవాణ్ణి.

మొన్న మాఘంలో కన్నుమూసే ముందు నన్ను పిలిచి, "గా బట్ట నీ చెయ్యే గద, కురుమూర్తీ" అంది. మళ్లీ ఆమే, "ట్రంకు తీసిన దినమే తెలిసింది. ఆయన పక్కన కూసున్నదాన్ని, నాకు తెల్వదా? నేతలో ఆయన దెబ్బ గట్టిది. పిల్లకు చెప్పకు. తండ్రిదని దానికి ఇంకేమున్నది?" అంది.

చెప్పకూడదనే ఉన్నాను. కానీ పిల్లలు దాన్ని తాకి ఇది ఆయన చెయ్యి అని తెలుసుకోవాలని రాశావు. వాళ్లు నా చెయ్యి తాకి సిపాయిదనుకుంటారు. పెద్దయ్యాక తమ పిల్లలకూ అదే చెబుతారు. ఇక మీ నాన్న ఎక్కడా ఉండడు. చూపిస్తే నాదని చెప్పి చూపించు, లేకపోతే మూట విప్పకు.

బట్టకు బదులు, ఆయన నేత ఎట్లా ఉండేదో రాసి పంపుదామని నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. గట్టిగా ఉండేదన్న మాట తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. ఆ మాట కూడా మీ అమ్మదే.

ఇట్లు,
నీ చిన్నాయన
కురుమూర్తి