జాజుతోని గీసిన బాణం

బావకు నీ బామ్మర్ది దండాలు. ఈ కవరు నడుమల విప్పి సదివేటోళ్లకు గూడ దండాలు.

దుబాయి నుంచి నువ్వు పంపిన రోడ్డు గుర్తుల పుస్తకం అందింది. నేను ఆడికి అచ్చినంక డ్రైవింగు పరీక్ష పాసు గావాలె గదా అని, రాయికల్‌ల మా ఇంటి గోడ మీద అన్ని గుర్తులు జాజుతోని ఎర్రగ గీసుకున్న. అవి అడివిలున్న అన్నల గుర్తులని పోలీసులకు ఎవలు చెప్పిండ్రో తెల్వది. పక్కింటి మొగిలి మీదనే నాకు అనుమానం. పొద్దుగాల జీపు అచ్చింది.

"ఏందిరా ఈ బాణం?"

"ఎడమకు మలగొద్దని సారూ."

"ఎడమకు ఏం దాచినవ్?" అని మా పెంటకుప్ప తవ్విచ్చిండ్రు.

ఇప్పుడు బొగ్గుతోని నల్లగ గీసుకుంటున్న. ఒక్కటే గుబులు బావా. ఈడ ఎర్రగ ఏది కనవడ్డా ఉరుకుడే అలవాటైంది. ఆడ ఎర్ర లైటు కనవడితే బండి ఆపాలంటివి. నా కాలు ఆగుతదా?