ఆడవాళ్ళ గేటు దగ్గర చెప్పే మాట

ఆదోని,
గురువారం మధ్యాహ్నం.

హనుమన్నకు, చెల్లెలు ఉరుకుందమ్మ వంగి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మా ఆయన, పాప ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు, నాయన అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నాయన మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఎర్రావు ఈనిందా? ఈనితే జున్ను తినేటప్పుడు నన్ను ఒకసారి తలుచుకోండి.

నీ కార్డు సోమవారం అందింది. అందులో ఉన్నవి నాలుగే మాటలు. "సినిమా హాలు గేటు దగ్గర నిలబడటం మన ఇంటి ఆడదానికి తగిన పని కాదు. ఉగాది లోపల మానుకో. మానుకోకుంటే నా గడప తొక్కవద్దు. నాయన బాగున్నాడు." మొదటిసారి చదివితే ఏడుపొచ్చింది. రెండోసారి చదివితే కోపమొచ్చింది. కార్డు మీద రాశావు గనక పోస్టుమాను కూడా చదివే ఉంటాడు, ఆ సిగ్గు వేరే. అందుకే నేను కవరు కొని రాస్తున్నాను. ఉగాదికి ఇంకా మూడు వారాలున్నాయి. మానుకుంటానా లేదా అన్నది ఈ ఉత్తరంలోనే చెబుతాను, కానీ ముందు నేను చేసే పని ఏమిటో విను. రెండు పక్షాలూ వినకుండా ఊళ్ళో ఏ తగువూ తీర్చనివాడివి, చెల్లెలి విషయంలో ఎందుకు తొందరపడ్డావు?

మద్దికెర వదిలి వచ్చిన కొత్తలో ఇక్కడ నాకు ఊపిరాడలేదన్నా. మా ఆయన పొద్దున్నే జిన్నింగు మిల్లుకు పోతే చీకటిపడే వేళకు తలంతా దూదితో ముసలివాడిలా ఇంటికొస్తాడు. వీధిలో సగం మంది ఉర్దూ, మిగతా సగంలో సగం కన్నడం. కొళాయి దగ్గర నా బిందె ఎవరో పక్కకు జరిపితే ఏ భాషలో తిట్టాలో తెలియక ఊరుకున్న రోజులున్నాయి. పలకరించేవాళ్ళు లేక పాపతోనే వంటల గురించి మాట్లాడేదాన్ని. దానికప్పుడు మాటలు కూడా రాలేదు. అలాంటప్పుడు హాల్లో ఆడవాళ్ళ గేటుకు మనిషి కావాలని తెలిసింది. ఆడవాళ్ళ వైపు మగవాడిని పెడితే కుటుంబాలు రావని హాలు సావుకారి అన్నాడట. మా ఆయనే నన్ను తీసుకెళ్ళి అడిగాడు. మధ్యాహ్నం ఆట, సాయంత్రం మొదటి ఆట, అంతే నా పని. రెండో ఆటకు నేను ఉండను, ఇంటికొచ్చేస్తాను. పాప నా పక్కనే స్టూలు మీద కూర్చుంటుంది.

మైకులో దేవుడి పాట వేయగానే టికెట్లు మొదలవుతాయి. నేను టికెట్టు చించి లోపలికి పంపాలి, చంటిపిల్లల తల్లులను తలుపు వైపు కూర్చోబెట్టాలి, నేల మీద చోటు కోసం కొట్లాడేవాళ్ళను విడదీయాలి, ఆట అయ్యాక మగవాళ్ళ గుంపు తగ్గేదాకా మా వైపు తలుపు తీయకుండా ఆపాలి. ఇందులో తలవంచుకునేది ఏముందో నువ్వే చెప్పు. ఇప్పుడు ఈ గేటు మీద నాకున్న మర్యాద మన ఊళ్ళో రెడ్డిగారి భార్యకు కూడా లేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకు. సరే, అనుకో. చెప్పుకోవలసినవే గనక చెప్పుకుంటున్నాను.

ఎందుకంటే బొమ్మ మారిన ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆట నేనే ముందు చూస్తాను. సాయంత్రానికి ఆడవాళ్ళు టికెట్టు కొనకముందు గేటు దగ్గరికొచ్చి నన్ను అడుగుతారు.

"ఉరుకుందక్కా, ఎట్లుంది బొమ్మ? సెరగు ఎంత తడుస్తాది?"

అదీ వాళ్ళ కొలత. చెరగు కొస అంటే కళ్ళు చెమ్మగిల్లుతాయని. సగం చెరగు అంటే మంచి ఏడుపని. నిండు చెరగు అంటే ఇంటికి పోయి చీర మార్చుకోవాలని. అసలు తడవదంటే కొందరు వెనక్కి కూడా పోతారు, అంత దూరం వచ్చి నవ్వి పోవడం వాళ్ళకు దండగ.

ఈ నాలుగు నెలల్లో చూసినవి చెబుతాను, వదినకు కూడా చదివి వినిపించు. సంక్రాంతి ముందు పౌరాణికం ఆడింది. ఆడవాళ్ళు చెప్పులు బయట విప్పి వచ్చారు, తెర కింద కొబ్బరికాయలు కొట్టారు. అన్ని జతల చెప్పులకు నేనే కాపలా, ఒక్కటి పోలేదు. బొమ్మ సంగతంటావా, దేవుడు బాగున్నాడు, రాక్షసుడు ఇంకా బాగున్నాడు. ఆ గొంతులో సగమైనా దేవుడికి ఉంటే బాగుండేది. చెరగు కొస.

తర్వాత కత్తియుద్ధాల జానపదం. రాజకుమారి మీసం పెట్టుకుని తిరిగితే కన్నతండ్రే గుర్తుపట్టడు! మా వీధిలో అయితే నడక చూసి ఎవరి కోడలో చెప్పేస్తారు. గుర్రం మాత్రం చాలా బాగా చేసింది.

దయ్యం బొమ్మకు మాత్రం భయపడ్డానన్నా, నిజం చెబుతున్నాను. ఆ తెల్లచీర, ఆ గజ్జెల చప్పుడు! కానీ దయ్యానికి తలనిండా మల్లెపూలు ఏ అంగట్లో దొరుకుతాయో ఎవరూ చెప్పలేదు. దయ్యాలు లేవని చివర్లో పోలీసాయన వచ్చి విడమరిచి చెప్పాడు గానీ, నమ్మినవాళ్ళు లేరు. మా ఆయన నవ్వుతూనే చూశాడు, ఇంటికొచ్చి దొడ్లోకి పోవడానికి నన్ను తోడు రమ్మన్నాడు.

బళ్ళారి వైపు నుంచి ఒక కన్నడ బొమ్మ వచ్చింది. భాష నాకు సగమే తెలిసినా అత్త తిట్లు మొత్తం అర్థమయ్యాయి. ఏ భాషలోనైనా అత్త అత్తే. సగం చెరగు. హిందీది ఒకటి ఆడింది, అందులో కథానాయిక మంచుకొండల మీద పలచటి చీర కట్టుకుని పాట పాడుతుంది. నా పక్కన కూర్చున్న ఒక ముస్లిం ముసలమ్మ మాటలన్నీ తెలుగులో గట్టిగా చెబుతుంటే మా వైపు నేలంతా ఆమె చెప్పేదే విన్నారు. ఆమె చెప్పిన కథ బొమ్మలో ఉన్నదాని కన్నా బాగుంది. దొంగల బొమ్మ గురించి రాయడానికేమీ లేదు. తుపాకులు ఎక్కువ, బుద్ధి తక్కువ. ఆడవాళ్ళు అడిగితే "ఈ వారం ఆ డబ్బుతో పిండి ఆడించుకోండి" అని చెప్పాను.

అలా చెప్పిన మరునాడు సావుకారి పిలిచాడు. "ఏమ్మా, నా ఉప్పు తిని నా బొమ్మకు రావద్దంటావా? బాగుందని సెప్పు, నీ సొమ్మేం పోతాది?" అన్నాడు. "సెడ్డదాన్ని బాగుందంటే, రేపు బాగున్నదాన్ని బాగుందన్నా ఎవురూ నమ్మరు సామీ" అన్నాను. ఆయన "పో, పోయి గేటు సూసుకో" అని పంపేశాడు.

ఇక పోయిన శుక్రవారం జరిగింది చెబుతాను. ఇదే అసలు సంగతి.

అన్నదమ్ముల బొమ్మ వచ్చింది. ఎమ్మిగనూరులో ఆడి, బస్సు మీద పెట్టెల్లో వచ్చింది. ఊరూరా తిరిగి అరిగిన రీళ్ళు, చివర శుభం అని పడే ముక్క కూడా ఎప్పుడో తెగిపోయింది. మధ్యాహ్నం ఆటలో తమ్ముడిని పాము కరిచింది. అన్న ఒళ్ళో తలపెట్టి ప్రాణం వదిలాడు. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. అంతలో తెర మీద బాజాలు మోగాయి, తమ్ముడు బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్నాడు! పెళ్ళయింది, హాల్లో దీపాలు వెలిగాయి. మంత్రం పనిచేసి బతికాడనుకున్నాం. పాము కరిచినవాడు మంత్రంతో లేచి కూర్చున్న కథలు మనం తక్కువ విన్నామా? "దేవుడు సల్లగా సూసినాడు" అనుకుంటూ అందరూ నవ్వు ముఖాలతో ఇళ్ళకు పోయారు. ఆపరేటరు చివరి రెండు రీళ్ళు ముందువెనకలు చేశాడని మాకెవరికీ తోచలేదు. అతను తర్వాత చూసుకుని, నాతో చెప్పకుండా, సాయంత్రానికి సరిచేసుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గరికి మా వీధి చివరింటి తిమ్మక్క వచ్చింది. ఆమె కొడుకు ఆరు నెలల కింద మిల్లులో జ్వరం తెచ్చుకుని పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆనాటి నుంచి ఆమె ఇల్లు కదలలేదు.

"ఉరుకుందీ, ఎవురన్నా సస్తారేమే ఇందులో? సచ్చేదుంటే నేను సూడలేను, పోతా" అంది.

"సస్తాడు గానీ మళ్ళా బతుకుతాడు పెద్దమ్మా. నేను సూసినా. నువ్వు ధైర్యంగా పో" అని నేనే చెయ్యిపట్టి లోపల కూర్చోబెట్టాను.

ముందు పెళ్ళి వచ్చింది. అయ్యో, వరస మారింది అనుకున్నాను. తర్వాత పాము వచ్చింది. తమ్ముడు చచ్చాడు, దీపాలు వెలిగాయి. ఇంక బతికేది లేదు. ఆడవాళ్ళు నా మీద పడ్డారు. "మద్దేన్నం బతికినోన్ని ఇప్పుడెందుకు సంపినారు?" అని ఒకామె, "నీ మాట నమ్మి వస్తిమే" అని ఒకామె. తిమ్మక్క మాత్రం చెరగు నోట్లో కుక్కుకుని నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆ రోజు నువ్వు వచ్చి పని మానుకోమని ఉంటే, ఒక్క మాట అనకుండా నీ వెంట వచ్చేదాన్ని. నాకున్నది ఆ మాట ఒక్కటే గదా, అది కాస్తా అబద్ధమైపోయింది.

మరునాడు పొద్దున్నే తిమ్మక్క ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తప్పయింది పెద్దమ్మా అని కాళ్ళ మీద పడబోతే భుజం పట్టి లేపింది.

"తప్పేముంది లేయే. నువ్వు సూసింది నువ్వు సెప్పినావు" అంది. తర్వాత లోపలి గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "కోడలు కడుపుతో ఉండాది. ఇంట్లో ఏడిస్తే మంచిది గాదని ఆర్నెల్ల నించి నన్ను ఏడ్వనీలేదమ్మా. నిన్న ఆడ సీకట్లో అందరూ ఏడుస్తాంటిరి. నా బిడ్డ కోసరం నేను ఏడిస్తే ఎవురికి తెలుస్తాది? కడుపారా ఏడ్చినా. పొద్దున ఇంత రొట్టె తినబుద్దాయె."

ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. "నిన్న నేను తప్పు సెప్పినా. రీళ్ళు తారుమారైనాయి. ఆ పిల్లోడు బతకడు. నిండు సెరగు. ఏడ్చేదుంటేనే రాండి" అని. ఒక్కరూ వెనక్కి పోలేదన్నా. నేల నిండింది, బెంచీలు నిండాయి, కొందరు గోడకు ఆనుకుని నిలబడే చూశారు. తిమ్మక్క మళ్ళీ వచ్చింది. ఇప్పుడు సావుకారి కొత్త బొమ్మ తెచ్చిన ప్రతిసారీ మధ్యాహ్నం ఆట కాగానే నన్నే ముందు పిలిచి ఎలా ఉందని అడుగుతానన్నాడు. ఆపరేటరు కూడా రీళ్ళ వరస మారిస్తే ముందు నాకు చెప్పాలని ఆయన మాట.

కాబట్టి అన్నా, నేను ఈ పని మానుకోను. నువ్వు పెద్దవాడివి, గడప నీది, తొక్కవద్దంటే తొక్కను. ఉగాదికి రాకపోతే నాకు ఎంత బాధగా ఉంటుందో నీకు తెలుసు. అయినా మానుకోను. మన ఇంటి ఆడదానికి తగని పని నేనేమీ చేయడం లేదు.

వదినకు చెప్పు, ఎవరైనా ఇటు వస్తే ఒక శేరు వేరుశనగ బుడ్డలు, కాస్త రోట్లో నూరిన ఊరిమిండి కారం పంపమని. ఇక్కడి కారంలో రంగే ఉంది, కారం లేదు. పిల్లలకు ముద్దులు. నాయన పాదాలకు నా తరఫున నూనె రాయి. మా ఆయన నీకు నమస్కారాలు చెప్పమన్నాడు, నీ కార్డు సంగతి ఆయనకు చెప్పలేదు.

ఒక్క మాట రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. రాసేస్తాను. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు మేమంతా నీ మీద పడి ఏడ్చాం. నువ్వు అందరినీ ఓదార్చావు, కట్టెలు తెప్పించావు, నిప్పు పెట్టావు, మూడోనాడు చేలోకి పోయావు. నీ కంట్లో ఒక్క చుక్క నేను చూడలేదు. ఇంటికి పెద్దవాడు ఏడిస్తే మిగతావాళ్ళు ఏమైపోతారని ఆపుకున్నావని నాకు తెలుసు. అన్నా, ఆ బొమ్మ వచ్చే గురువారం దాకా ఉంటుంది. నా గడప తొక్కవద్దని నేను అనను. వచ్చి నేల టికెట్టు కొనుక్కుని ముందు కూర్చో. దీపాలు ఆరిపోతే పక్కవాడికి కూడా నీ ముఖం కనబడదు. మగవాళ్ళ గేటాయనకు నేను చెప్పి ఉంచుతాను, ఆట అయ్యాక తలుపు కాస్త నిదానంగా తీయమని.

నీ మాట వినకపోయినా నీ దీవెన కోరే,
చెల్లెలు
ఉరుకుందమ్మ