దిష్టిబొమ్మ కాదు, నా బుర్ర

2002, మార్చి 3

అయిపోయింది. జీన్స్ యూనిట్‌లో కత్తిరించి పారేసిన ముక్కలన్నీ కలిపి, చెక్క మీద ఒక తల. మనిషి మనసు లోపల ఎట్లా ఉంటుందో చూడాలని. నుదుటి మీద అడ్డంగా జిప్పు. లాగితే అద్దం పెంకులు, ఇత్తడి గుండీలు, వేరుశనగ పొట్టు, ఎంతకీ విడిపోని ఎర్రదారం చిక్కు. అందంగా ఉంది. నేనే చెప్పుకుంటున్నా, ఇంకెవరు చెప్తారు?

వసారాలో మేకుకు తగిలించాను. అత్త చూసి జిప్పు మూసేయమంది. గాలి సోకుతుందట.

మార్చి 9

పని నుంచి వచ్చేసరికి మేకు ఖాళీ.

ఎదురుగా బావ కట్టిస్తున్న కొత్తింటి పిల్లర్‌కు వేలాడుతోంది నా తల! సున్నంతో మీసాలు దిద్దారు. ఎర్ర నాలుక పెట్టారు. పక్కనే బూడిద గుమ్మడికాయ, పాత చెప్పు.

మా ఆయనకు అన్న కదా, అడగకుండా తీసుకుపోయినాడు. పైగా మెచ్చుకోలు — "భలే భయంగా ఉండాది పద్మా. ఇట్లాంటి దిష్టిబొమ్మ బజార్లో యాడా దొరకదు."

ఒళ్ళు మండిపోయింది.

మార్చి 10

నా తల ఇచ్చేయమని బావను అడిగాను. ఒకసారి కట్టినాక గృహప్రవేశం దాకా దించగూడదని మేస్త్రీ చెప్పాడట. మా ఆయన అన్నం కలుపుకుంటూ, పోనీలే, ఇంకోటి కుట్టుకో అన్నాడు.

బుర్ర ఇంకోటి కుట్టుకోవాలట. ఈయన ఎన్ని కుట్టుకున్నాడో.

మార్చి 14

దారిన పోయేవాళ్ళంతా అర్థాలు చెప్పేవాళ్ళే. పూలామె రాక్షసి అంది. పక్కింటాయన, వానల్లేక నెర్రెలిచ్చిన నేల అన్నాడు. యూనిట్ ఆడపిల్లలు, మీ బావ మొహమే కదా అన్నారు. కడుపు నొప్పి పుట్టేలా నవ్వాను.

నా పక్క మిషన్ మీద కుట్టే అమీనా మాత్రం చాలాసేపు నిలబడి చూసింది. "దీనికి నిద్ర పట్టదేమో అక్కా. లోపల ఏదో తిరుగుతానే ఉండాది."

ఏడుపొచ్చింది. బజార్లో, అందరి ముందూ... సిగ్గేమీ అనిపించలేదు.

మార్చి 17

ఎండకు నీలం వెలిసిపోతోంది.

మార్చి 21

తెచ్చేసుకున్నా. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, వాళ్ళ నిచ్చెనే వేసుకుని. ఏమైనా అయితే పూచీ ఎవరిదన్నాడు మేస్త్రీ. నాదే అన్నాను.

నాలుక పీకేశాను. మీసాలు తుడిచినా మరక పోలేదు. ఉండనీ.

అత్త వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నా. జిప్పు తనే తెరిచి, గుండీలు వేలితో కదిపి, మెల్లగా అడిగింది — "నా దాంట్లో ఏముంటాదంటావ్?"

ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు.

మార్చి 22

ఇటుక పడి కూలీ కాలివేలు నలిగింది. పాపం. నేరం మాత్రం బొమ్మ దించిన నాదట.

సాయంత్రం బావ గడపలో నిలబడ్డాడు. "రేపు స్లాబు ఏస్తాండాం. పొద్దున్నే వస్తా. బొమ్మ ఇచ్చేయ్."

మా ఆయన నేల చూపులు.

"బుర్రే కావాలంటే నీది కట్టుకో బావా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వంటింట్లో అత్త దగ్గింది. దగ్గేనా అది?

మార్చి 23

తెల్లారింది. వీధి తలుపుకు సరిగ్గా ఎదురుగా కొట్టాను మేకు. లోపలికి ఎవరొచ్చినా ముందు దీని మొహమే చూడాలి. జిప్పు బార్లా తెరిచి పెట్టా. చిక్కు, పొట్టు, పగిలిన అద్దం, అన్నీ చూసుకోనీ. భయపడితే భయపడనీ.

ఎదురింట్లో కంకర కలిపే మిషన్ మొదలైంది. మా ఆయన పెరట్లోకి తప్పుకున్నాడు. బావ చెప్పుల చప్పుడు... మెట్ల దగ్గర.

నేను లేవలేదు. రాస్తూనే ఉన్నా.

అత్త లేచింది. బొమ్మ వంక ఒకసారి చూసి తలుపు దగ్గరికి నడిచింది. గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. తీయడానికో, బిగించడానికో —